ఇద్దరే, ఒక కారు: యూరప్ కొండల్లో, అడవుల్లో ఏ రూటు ఎవరికి?

యూరప్‌లో కారు అద్దెకు తీసుకుని కొండలూ అడవులూ తిరగాలనుకునే జంటలు సాధారణంగా ఫొటోలు చూసి రూటు ఖాయం చేసుకుంటారు. ఫొటోలో అన్నీ బాగానే ఉంటాయి. ఆ ఫొటో వెనక ఎన్ని హెయిర్‌పిన్ మలుపులున్నాయో, పార్కింగ్ దొరకాలంటే ఎన్ని గంటలకు లేవాలో, ఆ నెలలో ఆ రోడ్డు అసలు తెరిచి ఉంటుందో లేదో రీల్స్ చెప్పవు. రూటు కంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండు: మీ ఇద్దరిలో డ్రైవింగ్ ఎవరు చేస్తారు, ఏ నెలలో వెళ్తున్నారు. ఈ రెండూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

మొదటిది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. కొండ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకున్న మనిషికి రోడ్డు తప్ప ఇంకేమీ కనిపించదు. పక్క సీట్లో ఉన్నవాళ్లు "అబ్బ, అటు చూడు" అంటారు, నడిపేవాళ్లు "చూడలేను, బస్సొస్తోంది" అంటారు. ఇద్దరూ మార్చి మార్చి నడిపితే ఇద్దరికీ సెలవు. ఒక్కరే నడిపితే ఒకరికి సెలవు, ఇంకొకరికి ఉద్యోగం. పైగా చాలామందికి పక్క సీట్లో కూర్చుంటే కళ్లు తిరుగుతాయి, స్టీరింగ్ పట్టుకుంటే తిరగవు. అందుకని ఇంట్లో ఒక్కరే డ్రైవ్ చేస్తారనుకుంటే, రోజుకు మూడు గంటలకు మించి కారులో కూర్చోనక్కర్లేని రూటు ఎంచుకోండి. ఆ లెక్కన చూస్తే కిందివాటిలో కొన్ని వాటంతట అవే పక్కకు పోతాయి.

నేను పోల్చి చూస్తున్నవి నాలుగు: జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ (దానికి ఆనుకుని ఫ్రాన్స్ వైపు వోజ్ కొండలు), ఇటలీలోని డోలమైట్స్, స్లొవేనియాలోని జూలియన్ ఆల్ప్స్, రొమేనియాలోని కార్పాతియన్ కొండలు. స్విట్జర్లాండ్ ఏదని అడుగుతారు, దాని సంగతి చివర్లో చెప్తాను.

బ్లాక్ ఫారెస్ట్: కొత్తగా కుడివైపు నడిపేవాళ్లకు

మన దగ్గర ఎడమవైపు నడిపి నడిపి అలవాటైన చేతికి, కాలికి, కంటికి యూరప్ రోడ్డు మొదటి రోజంతా తికమకగా ఉంటుంది. ఇండికేటర్ వేద్దామని వైపర్ వేస్తాం. రౌండ్ అబౌట్‌లో ఎటు చూడాలో ఒక్క క్షణం తెలియదు. ఎడమవైపు చూడాలి, లోపల ఉన్న బండికి దారివ్వాలి, కుడికి తిరగాలి. ఇది కుదురుకోవడానికి వెడల్పైన రోడ్లు, మెల్లని మలుపులు ఉన్న చోటు కావాలి. అలాంటి చోటు బ్లాక్ ఫారెస్ట్.

తెలుగువాళ్లకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. 2024 జనవరి నుంచి హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా నేరుగా విమానం నడుపుతోంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌లో కారు తీసుకుంటే బాడెన్-బాడెన్‌కు రెండు గంటల లోపే చేరొచ్చు. జర్మనీ ఆటోబాన్ మీద కార్లకు టోల్ లేదు. అయితే రాత్రంతా విమానంలో కూర్చుని దిగిన వెంటనే, పక్కన గంటకు 180 మీద పోయే కార్ల మధ్య కుడివైపు డ్రైవింగ్ నేర్చుకోవడం మంచి ఆలోచన కాదు. మొదటి రాత్రి అక్కడే ఎక్కడైనా పడుకుని పొద్దున్నే బయలుదేరండి.

బాడెన్-బాడెన్ నుంచి ఫ్రాయిడెన్‌స్టాట్ దాకా సుమారు 60 కిలోమీటర్లు బీ500 రోడ్డు కొండ గట్టు మీదుగా వెళ్తుంది. ఒకపక్క దట్టమైన స్ప్రూస్, ఫర్ చెట్లు. ఇంకోపక్క చెట్లు విడినప్పుడల్లా రైన్ లోయ, గాలి శుభ్రంగా ఉన్న రోజు దాని వెనక ఫ్రాన్స్ కొండలు. దారిలో మమ్మెల్‌జే అనే చిన్న సరస్సు దగ్గర టూరిస్టు బస్సులన్నీ ఆగుతాయి. మీరూ ఆగండి, కాఫీ తాగండి, కానీ అక్కడే గంటలు గడపకండి. ఇంకొంచెం దక్షిణంగా వెళ్తే లోథార్‌పాడ్ అనే కాలిబాట వస్తుంది. ఈ రోడ్డు మీద నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు అదే.

1999 డిసెంబర్ 26న లోథార్ అనే తుపాను ఫ్రాన్స్ మీదుగా వచ్చి ఈ అడవిలో ఎకరాలకెకరాలు చెట్లను పడగొట్టింది. చాలా చోట్ల పడిన చెట్లను తీసేసి కొత్తవి నాటారు. ఇక్కడ మాత్రం ఒక ముక్కను ముట్టుకోకుండా వదిలేసి, పడిన దుంగల మీదుగా, కింద నుంచి, పక్క నుంచి చెక్క మెట్లు, నిచ్చెనలు, వంతెనలు కట్టారు. వేళ్లతో సహా పెకలించుకుపోయిన మాను మనిషి ఎత్తుకు మించి నిలబడి ఉంటుంది. వేళ్ల మధ్య ఇంకా రాళ్లు ఇరుక్కుని ఉంటాయి. దాని నీడలో రోవన్, బర్చ్, చిన్న స్ప్రూస్ మొక్కలు ఎవరూ నాటకుండానే లేచాయి. మొత్తం నడక కిలోమీటరు కూడా ఉండదు. అడవి తనను తాను ఎలా కట్టుకుంటుందో ఇంత దగ్గరగా చూపించే చోటు మిగతా మూడు రూట్లలో నాకు కనిపించలేదు.

అక్కడి నుంచి ట్రీబెర్గ్ జలపాతం, కుకూ గడియారాల దుకాణాలు, టిటిజే సరస్సు, చివరికి ఫ్రైబుర్గ్. ట్రీబెర్గ్ జలపాతం మొత్తం 163 మీటర్లని రాస్తారు, కానీ అది మెట్లు మెట్లుగా దిగుతుంది. ఒకే దూకుడు ఊహించుకుని వెళ్లకండి. ఈ ప్రాంతంలో చాలా హోటళ్లు, హోమ్‌స్టేలు బస చేసినవాళ్లకు కోనస్ కార్డు ఇస్తాయి. దాంతో లోకల్ బస్సులు, రైళ్లు ఉచితం. డ్రైవరుగారికి ఒక రోజు రెస్టు ఇవ్వడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు.

లోపం కూడా చెప్పాలి. బ్లాక్ ఫారెస్ట్‌లో అన్నిటికన్నా ఎత్తైన ఫెల్డ్‌బెర్గ్ 1,493 మీటర్లు. మన అరకు, లంబసింగి చూసినవాళ్లకు ఇవి కూడా గుండ్రటి పచ్చ కొండల్లాగే కనిపిస్తాయి. మంచు శిఖరం, కోసుకుపోయిన రాతి గోడలు కావాలనుకుంటే ఇక్కడ నిరాశే. ఆ లోటును కొంత పూడ్చుకోవాలంటే రైన్ దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్లండి. ఫ్రైబుర్గ్ నుంచి కొల్మార్ 50 కిలోమీటర్లే. దాని వెనక వోజ్ కొండల శిఖరాల వెంట రూట్ దె క్రెత్ అనే రోడ్డుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యానికి కనబడకుండా సరుకులు చేరవేయడానికి ఫ్రెంచ్ సైన్యం వేసిన దారి అది. పైన చెట్లు తగ్గి గడ్డి మైదానాలు వస్తాయి, 1,424 మీటర్ల గ్రాన్ బలోన్ శిఖరం దగ్గరి దాకా రోడ్డు తీసుకెళ్తుంది. చలికాలంలో మంచు వల్ల దీన్ని చాలావరకు మూసేస్తారు.

బ్లాక్ ఫారెస్ట్‌కు ఇంకో గుణం, మే నుంచి అక్టోబర్ దాకా ఎప్పుడు వెళ్లినా పనికొస్తుంది. రోడ్డు తెరిచారా లేదా అన్న టెన్షన్ ఉండదు. కానీ జర్మనీలో ఆదివారం సూపర్‌మార్కెట్లన్నీ మూసి ఉంటాయి. వంట చేసుకునేవాళ్లు శనివారం సాయంత్రమే పాలు, పెరుగు, కూరగాయలు కొనిపెట్టుకోవాలి.

డోలమైట్స్: కొండలంటే ఇవే, అయితే

కొండల అందం ఒక్కటే చూస్తే నాలుగింట్లోనూ డోలమైట్స్‌దే పైచేయి. ఇందులో వాదనకు తావు లేదు. 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ కొండలు ఒకప్పుడు సముద్రం అడుగున పగడపు దిబ్బలు. లేత రంగు రాయి కాబట్టి ఉదయం, సాయంత్రం ఎండ పడినప్పుడు మొత్తం గోడ గులాబీ రంగుకు, ఆ తరువాత కాషాయానికి తిరుగుతుంది. ఆ పది పదిహేను నిమిషాల కోసం జనం ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. సమస్య కూడా అదే, అందరూ వస్తారు.

బోల్జానో నుంచి కోర్టినా దాకా సుమారు 110 కిలోమీటర్ల పాత డోలమైట్ రోడ్డు ఈ రూటుకు వెన్నెముక. కోస్తలుంగా, పోర్దోయి, ఫాల్జారేగో అనే మూడు కనుమలు దాటుతుంది. పోర్దోయి 2,239 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అరబ్బా వైపు నుంచి ఎక్కితే 33 హెయిర్‌పిన్ మలుపులు, ఒక్కొక్క దానికీ నంబరు బోర్డు. తిరుమల ఘాట్‌లో కారు నడిపిన అనుభవం ఉందని ధైర్యంగా ఉండేవాళ్లకు ఒక తేడా చెప్పాలి. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, ఎదురు బండి రాదు. ఇక్కడ అదే రోడ్డు మీద ఎదురుగా బస్సు, దాని వెనక పది మోటార్ సైకిళ్లు, మీ ముందు ఊపిరి బిగబట్టి ఎక్కుతున్న సైక్లిస్టు, అందరూ ఒకే మలుపులో కలుస్తారు. సైక్లిస్టును దాటాలంటే మీటరున్నర దూరం వదలాలి, ఎదుటి మలుపు కనబడే దాకా ఆగాలి. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టకుండా రెండో గేరులో వదలండి. లేదంటే కింద ఊళ్లోకి చేరేసరికి బ్రేకులు కాలిన వాసన వస్తుంది.

ఇద్దరూ నడిపేవాళ్లయితే ఈ రోడ్డు పండగే. ఒక కనుమ ఒకరు, ఇంకో కనుమ ఇంకొకరు. అదనపు డ్రైవరుకు అద్దె కంపెనీ రోజుకు కొంత వసూలు చేస్తుంది. ఆ డబ్బు దగ్గర లెక్క చూసుకోకండి. ఒక్కరే నడిపేవాళ్లయితే వాల్ గార్దేనాలోనో, ఆల్తా బదియాలోనో ఒకే ఊళ్లో బస పెట్టి, కారు పార్క్ చేసి, కేబుల్ కార్లలో పైకి వెళ్లండి. సౌత్ టిరోల్ జిల్లాలో చాలా హోటళ్లు ఇచ్చే గెస్ట్ పాస్‌తో బస్సులు, రైళ్లు ఉచితం. ఆ బస్సులు కనుమల మీదకూ వెళ్తాయి. బస్సు డ్రైవరు మలుపులు తిప్పుతుంటే మీ ఇద్దరూ కిటికీలోంచి చూడొచ్చు.

ఇక్కడ కారు ఉన్నంత మాత్రాన ఎక్కడికి పడితే అక్కడికి పోలేం. లాగో ది బ్రాయెస్ సరస్సు లోయలోకి జులై, ఆగస్టుల్లో పగటిపూట ముందుగా బుక్ చేసుకోని కార్లను వదలరు. త్రే చీమే అనే మూడు రాతి శిఖరాల దగ్గరి ఔరోన్జో గుడిసె (కొండెక్కేవాళ్లు ఆగి తిని, పడుకునే బస) దాకా వెళ్లే కొండ రోడ్డుకు విడిగా టోల్ ఉంది, అది తక్కువేమీ కాదు. ఇప్పుడు దానికి ఆన్‌లైన్‌లో ముందే స్లాట్ తీసుకోవాలి. ఆల్పె ది సియూసీ పచ్చిక మైదానం మీదకు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా బయటి కార్లు నిషేధం, కేబుల్ కారో బస్సో ఎక్కాలి. ఇవి తెలియకుండా వెళ్లి గేటు దగ్గర వెనక్కి తిరిగే కార్లు రోజూ కనిపిస్తాయి. ఇటలీ ఊళ్లలో ఇంకో ఉచ్చు జెడ్‌టీఎల్. పాత ఊరి నడిబొడ్డులోకి అనుమతి లేని కారు వెళ్తే కెమెరా ఫొటో తీస్తుంది. జరిమానా నెలల తరువాత ఇంటికి వస్తుంది, అద్దె కంపెనీ దాని మీద తన సర్వీస్ చార్జీ వేసుకుంటుంది. హోటల్ పాత ఊళ్లో ఉంటే కారు నంబరు వాళ్లకు ముందే పంపండి.

ఎప్పుడు వెళ్లాలి? జులై ఆఖరు, ఆగస్టు వద్దు. ఇటలీ మొత్తం ఆగస్టులో సెలవు పెట్టి ఇక్కడికే వస్తుంది. గదుల ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి, కొండ మలుపుల వల్ల కాదు. సెప్టెంబర్ రెండో వారం నుంచి నెలాఖరు దాకా నా ఓటు. గుడిసెలు, కేబుల్ కార్లు ఇంకా నడుస్తుంటాయి, జనం తగ్గుతారు. అక్టోబర్ మూడో వారానికి లార్చ్ చెట్లు బంగారు రంగుకు తిరుగుతాయి, అది వేరే అందం. కానీ అప్పటికి చాలా కేబుల్ కార్లు, హోటళ్లు సీజన్ ముగించి మూసేస్తాయి, ఎత్తైన కనుమల మీద మంచు పడొచ్చు.

డోలమైట్స్ దాకా వెళ్లి ఇంకో రోజు మిగిలితే ఆస్ట్రియా వైపు గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డు కలుపుకోవచ్చు. 1935లో తెరిచిన ఈ 48 కిలోమీటర్ల దారి 2,504 మీటర్ల కనుమను దాటుతుంది. 40 యూరోల పైన టోల్ కట్టాలి. రోడ్డు వెడల్పుగా, మలుపులు శాస్త్రీయంగా ఉంటాయి కాబట్టి పోర్దోయి కంటే దీని మీద నడపడమే తేలిక. మే మొదటి వారం నుంచి నవంబర్ మొదటి వారం దాకా మాత్రమే తెరుస్తారు. మబ్బు పట్టిన రోజు ఆ టోల్ దండగ. ముందు వెబ్‌క్యామ్ చూసి వెళ్లండి.

స్లొవేనియా: నన్ను ఒక్కటే చెప్పమంటే

కొండలూ కావాలి, అడవీ కావాలి, రోజంతా కారులో కూర్చోకూడదు, డబ్బు కొంచెం చూసుకోవాలి. ఈ నాలుగు కోరికలూ ఉన్న జంటకు నేను స్లొవేనియానే చెప్తాను. దేశంలో సగానికి పైగా అడవే. అన్నిటికన్నా ఎత్తైన త్రిగ్లావ్ 2,864 మీటర్లు, దాని చుట్టూ జాతీయ పార్కు. రాజధాని ల్యుబ్ల్యానా నుంచి బ్లెడ్ సరస్సు సుమారు 55 కిలోమీటర్లు. విమానం దొరక్కపోతే వెనిస్‌లో దిగి కారులో మూడు గంటల్లో రావచ్చు.

బ్లెడ్‌లో ఒక్క రాత్రి చాలు. సరస్సు మధ్య దీవి, దాని మీద చర్చి, అక్కడికి 99 మెట్లు. పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని ఎత్తుకుని ఆ 99 మెట్లూ ఎక్కాలని అక్కడి ఆచారం. మీవారిని అడిగి చూడండి, నడుం నొప్పి సాకు వెంటనే బయటికి వస్తుంది. ఆ మర్నాడు అసలు ప్రయాణం మొదలవుతుంది.

క్రాన్స్కా గోరా నుంచి వ్రషిచ్ కనుమ మీదుగా బోవెట్స్‌కు వెళ్లే దారిలో 50 హెయిర్‌పిన్లు. కనుమ ఎత్తు 1,611 మీటర్లు. ఎక్కే వైపు మలుపుల్లో తారు కాదు, రాతి పలకలు పరిచి ఉంటాయి. తారు మీద నిశ్శబ్దంగా పోతున్న టైరు మలుపులోకి రాగానే గరగర మంటుంది, మలుపు దాటగానే మళ్లీ నిశ్శబ్దం. వాన పడితే ఆ రాళ్లు జారతాయి, అందుకే ఎండిన రోజు చూసుకుని వెళ్లండి. ఎనిమిదో మలుపు దగ్గర కారు ఆపి కొంచెం పైకి నడిస్తే, చెట్ల మధ్య ఉల్లిపాయ ఆకారపు గోపురాలతో ఒక చిన్న చెక్క ప్రార్థనా మందిరం ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ సైన్యం ఈ రోడ్డును రష్యన్ యుద్ధ ఖైదీల చేత వేయించింది. 1916 మార్చిలో మంచు కొండచరియ విరిగిపడి ఆ ఖైదీల్లో వందమందికి పైగా పోయారు. బతికినవాళ్లు తమవాళ్ల కోసం కట్టుకున్నదే ఆ మందిరం. అందుకే ఈ దారిని ఇప్పటికీ రష్యన్ రోడ్డు అనే అంటారు.

కనుమ దిగగానే సోచా నది దొరుకుతుంది. సున్నపురాయి లోయలో పారే నీళ్లు కాబట్టి రంగు పచ్చకీ నీలానికీ మధ్యలో ఉంటుంది, ఫొటోలో రంగు పెంచారనుకుంటాం కానీ నిజంగానే అంత. బోవెట్స్ దాకా రోడ్డు దాని పక్కనే వెళ్తుంది. ఎక్కడ బడితే అక్కడ ఆగి, వేలాడే వంతెనలు దాటి, రాళ్ల మీద కాళ్లు చాపి కూర్చోవచ్చు. నీళ్లలో కాలు పెడితే మాత్రం ఎండాకాలంలో కూడా చలికి వెంటనే తీసేస్తారు. క్రాన్స్కా గోరా నుంచి బోవెట్స్‌కు 50 కిలోమీటర్లు కూడా ఉండదు, గంటంబావు డ్రైవింగ్. దానికి రోజంతా పట్టించొచ్చు, పట్టించాలి కూడా.

తిరుగు దారిలో, ఈ నాలుగు రూట్లలో స్లొవేనియాలోనే ఉన్న ఒక సౌకర్యం వాడుకోండి. బోవెట్స్ నుంచి కొబారిద్, తోల్మిన్ మీదుగా మోస్ట్ నా సోచి స్టేషన్‌కు వెళ్తే అక్కడ కార్లను ఎక్కించుకునే రైలుంది. కారు నడిపి నేరుగా బోగీ మీదకెక్కించి, హ్యాండ్‌బ్రేక్ వేసి అందులోనే కూర్చోవడం. 1906లో తెరిచిన పాత రైలు దారి అది, ఆరు కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం గుండా కొండను దాటి బోహిన్స్కా బిస్త్రిత్సాలో దింపుతుంది. డ్రైవింగ్ చేసేవాళ్లు కాళ్లు చాపి కూర్చునే భాగం ఈ రూటులో ఇదొక్కటే. అక్కడి నుంచి బోహిన్ సరస్సు దగ్గర్లోనే, బ్లెడ్ కంటే పెద్దది, సద్దు తక్కువ. రెండు రాత్రులు అక్కడ ఉంచుకుంటే మొత్తం చుట్టు పూర్తవుతుంది. రోజుకు రెండు గంటలకు మించి స్టీరింగ్ పట్టాల్సిన రోజు ఇందులో ఒక్కటి కూడా లేదు.

స్లొవేనియా హైవేలకు ఆన్‌లైన్‌లో కొనే ఈ-విగ్నెట్ (టోల్ పాస్) తప్పనిసరి, వారం రోజులది కూడా దొరుకుతుంది. ఇటలీలో అద్దెకు తీసుకున్న కారుకు అది ఉండదు, సరిహద్దు దాటకముందే ఫోన్‌లో కొనుక్కోండి. వ్రషిచ్ కనుమను చలికాలంలో మూసేస్తారు. మే ఆఖరు నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా నిశ్చింత. డోలమైట్స్ అంత గంభీరమైన శిఖరాలు ఇక్కడ కారులోంచి కనిపించవు, అది ఒప్పుకోవాలి. కానీ ఇద్దరూ కలిసి చూడగలిగే దృశ్యాలు ఇక్కడే ఎక్కువ.

రొమేనియా: రెండో ట్రిప్పుకు

ట్రాన్స్‌ఫగరషాన్ రోడ్డు అప్పట్లో రొమేనియాను ఏలిన నియంత చౌషెస్కు కాలంలో, 1970 నుంచి 1974 మధ్య సైన్యం చేత వేయించినది. 2,042 మీటర్ల ఎత్తుకు పాములా మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. పై భాగం సాధారణంగా జులై మొదటి నుంచి అక్టోబర్ ఆఖరు దాకానే తెరుస్తారు. అడవుల్లో ఎలుగుబంట్లు నిజంగానే రోడ్డు మీదకు వస్తాయి. వాటికి తిండి పెడితే జరిమానా, అద్దం దించి ఫొటో తీయడం పిచ్చి పని. సిబియు, సిగిషోవారా, బ్రషోవ్ లాంటి పాత ఊళ్లు చాలా అందంగా ఉంటాయి, గదులు, భోజనం పడమటి దేశాల కన్నా చవక. 2025 జనవరి 1 నుంచి రొమేనియా పూర్తిగా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) చేరింది కాబట్టి విడిగా వీసా అక్కర్లేదు.

మరి రెండో ట్రిప్పుకని ఎందుకు అంటున్నానంటే, ఊళ్ల మధ్య దూరాలు ఎక్కువ, చాలాచోట్ల రెండే లేన్ల హైవే మీద లారీల వెనక పోవాలి, ఓవర్‌టేకింగ్ మన దగ్గరలాగే ధైర్యంగా చేస్తారు. ఇద్దరూ నడిపేవాళ్లయితే, యూరప్ రోడ్లు ఒకసారి చూసి ఉంటే మాత్రం దీని అడవుల ముందు మిగతావన్నీ పార్కుల్లా కనిపిస్తాయి.

స్విట్జర్లాండ్ ఎందుకు లేదు

అక్కడ కారు అక్కర్లేదు కాబట్టి. జెర్మాట్, వెంగెన్, మ్యూరెన్ ఊళ్లలోకి కార్లను రానివ్వరు, కింద లోయలో పార్క్ చేసి రైలెక్కాల్సిందే. అంత డబ్బు పెట్టి అద్దెకు తీసుకున్న కారు పార్కింగ్ చార్జీలు తింటూ కూర్చుంటుంది. రైళ్లు, బస్సులు అంత బాగున్న దేశంలో రైలు పాసే తీసుకోండి. ఫుర్కా (2,429 మీటర్లు), గ్రిమ్‌సెల్, సుస్టెన్ కనుమల చుట్టు నడపాలని మరీ మనసు పడితే ఒక్క రోజుకు కారు తీసుకుని తిప్పి ఇచ్చేయండి. అవి కూడా జూన్ నుంచి అక్టోబర్ దాకానే.

ఏ రూటైనా కారు దగ్గర చూసుకోవాల్సినవి

యూరప్‌లో అద్దె కార్లలో మాన్యువల్ గేరు ఎక్కువ. మనకు ఎడమ చేత్తో గేరు అలవాటు, అక్కడ కుడి చేత్తో వేయాలి. హెయిర్‌పిన్ల మీద ఆ పాఠం నేర్చుకోవడం ఎందుకు? ఆటోమేటిక్ ఖరీదు ఎక్కువైనా ముందే బుక్ చేయండి, కౌంటర్ దగ్గర అడిగితే దొరకదు. ఇద్దరికి, రెండు సూట్‌కేసులకు చిన్న కారు చాలు. కొండ ఊళ్ల సందుల్లో, పార్కింగ్‌లో పెద్ద బండి తలనొప్పి. పెట్రోల్ బంకులో మనమే పోసుకోవాలి. పంపు మీద, కారు మూత లోపల గుర్తులుంటాయి: ఈ5, ఈ10 అని గుండ్రటి గుర్తు ఉంటే పెట్రోలు, బీ7 అని చదరపు గుర్తు ఉంటే డీజిల్. నాజిల్ రంగును నమ్మకండి.

లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. మన ఆర్టీఓలో ఇస్తారు, ఏడాది పనికొస్తుంది. ఇద్దరూ నడిపేట్టయితే ఇద్దరికీ కావాలి. డిపాజిట్ కోసం ప్రధాన డ్రైవరు పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, డెబిట్ కార్డు చూసి తల అడ్డంగా ఊపే కౌంటర్లు ఎక్కువ. దేశం దాటుతున్నామని బుకింగ్‌లోనే రాయించండి. కొన్ని కంపెనీలు ఖరీదైన కార్లను తూర్పు యూరప్‌కు వెళ్లనివ్వవు. ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో వదిలితే అదనపు చార్జీ వందల యూరోలు దాటొచ్చు. తీసుకున్న చోటే తిరిగి ఇచ్చేలా గుండ్రటి రూటు వేసుకుంటే అదంతా మిగులుతుంది.

తిండి విషయంలో బ్లాక్ ఫారెస్ట్‌లో చీజ్ వేసిన నూడుల్స్ లాంటి కేజెష్పెట్స్‌లె, డోలమైట్స్‌లో పాలకూర కనేదెర్లి (రొట్టెతో చేసే ఉండలు) శాకాహారులకు దిక్కు. రెంటిలోనూ గుడ్డు ఉంటుంది. మామూలు కనేదెర్లిలో పంది మాంసం ముక్కలు ఉంటాయి, అడిగి తీసుకోండి. గుడ్డు కూడా తిననివాళ్లు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవడమే మేలు. ఆవకాయ, కందిపొడి నిరభ్యంతరంగా తీసుకెళ్లొచ్చు. కానీ యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా తీసుకెళ్లకూడదు, ఎండబెట్టి పొడి చేసుకోండి.

రూటు ఖాయమయ్యాకే వీసా ఫారం ముట్టుకోండి. షెంగెన్ వీసాకు ఎక్కడ ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే ముందుగా అడుగుపెట్టే దేశానికి. వెనిస్‌లో దిగి స్లొవేనియా తిరిగే జంటకు ఇటలీలో మూడు రాత్రులు, స్లొవేనియాలో ఐదు రాత్రులుంటే స్లొవేనియా వీసా. అదే కోర్టినాలో ఇంకో మూడు రాత్రులు కలిపితే ఇటలీ వీసా. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. సెప్టెంబర్ ప్రయాణానికి మార్చిలో హోటళ్లు, ఏప్రిల్‌లో వీసా స్లాట్ చూసుకుంటే, రద్దు చేసుకునే వీలున్న గదులు అప్పటికింకా దొరుకుతాయి.